నా జబ్బుకు సర్కారు కట్టిన శాతం

మా వైపు మిలిటరీ నుంచి జబ్బు చేసి తిరిగొచ్చినవాడు ఎవడైనా ఉంటే, ఊళ్ళో వాళ్ళు ముందు మా ఇల్లు చూపిస్తారు. అతను చంకలో కాగితాల సంచీతో వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. కూర్చోగానే జబ్బు గురించి కాదు, డబ్బు గురించి అడుగుతాడు. నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే నేనూ అలాగే అడిగాను. వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పలేక అవస్థ పడుతుంటే, "ఒకసారి రాసి పెట్టయ్యా, నీకూ నాకూ పీడా వదులుతుంది" అంది మా ఆవిడ సుగుణమ్మ. అందుకని రాస్తున్నాను. ఇందులో నా గొప్పేమీ లేదు. గొప్పంతా నా చుట్టూ ఉన్నవాళ్ళది, వాళ్ళు చేసిన పొరపాట్లతో సహా.

నా పేరు యేసురత్నం. మా ఊరు చిల్లకూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే ఇసుక నేలల్లో ఉంది. ఇరవై ఏళ్ళకు మిలిటరీలో చేరాను. కొండల మీద టెలిఫోను తీగలు లాగడం నా పని.

1957 చలికాలం. మంచును బొమ్మల్లో తప్ప చూడనివాడిని మంచులోనే మూడు నెలలు పనిచేశాను. మొదట సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడేది. తరువాత దగ్గు పట్టుకుంది. ఒకరోజు చేతిరుమాలు మీద ఎర్రటి మరక కనిపించింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి పంపేస్తారని భయం. చెప్పకపోతే చచ్చిపోతానన్న భయం ఎందుకు కలగలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ వయసులో మనిషికి చావు కంటే ఉద్యోగం పోవడమే పెద్దదిగా కనిపిస్తుంది కాబోలు.

చివరికి స్తంభం ఎక్కి దిగలేక పట్టుబడ్డాను. క్షయ అన్నారు. ఛాతీ జబ్బుల సైనిక ఆసుపత్రిలో ఏడాదికి పైగా మంచం మీద ఉన్నాను. సూదుల గురించి ఎక్కువ చెప్పను. కూర్చునే చోటు మిగలలేదని చెబితే చాలు. మింగవలసిన బిళ్ళలు కడుపులో దిగేటప్పుడు ఒకసారి, పైకి వచ్చేటప్పుడు ఒకసారి రుచి చూపించేవి. ఆ వార్డులో ఒక మలయాళీ నర్సమ్మ ఉండేది. ఎవరి దగ్గరో "అన్నం తిన్నావా" అనే మాట నేర్చుకుని, రోజూ నా మంచం దగ్గర నిలబడి అదొక్కటే అడిగేది. ఇల్లు వదిలి అంత దూరాన పడి ఉన్నవాడికి ఆ మాట చెవిన పడితే ఎలా ఉంటుందో, పడి ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

1959 మొదట్లో మెడికల్ బోర్డు కూర్చుంది. ముగ్గురు డాక్టర్లు, ఒక బల్ల. నా ఊపిరితిత్తుల సంగతి తేల్చడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇక సైన్యానికి పనికిరాడని రాశారు. గుమాస్తా ఒకాయన ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం అని వేలు పెట్టి చూపించాడు. అన్నీ చదవకుండానే పెట్టేశాను. గ్రాట్యుటీ అని ఒక మొత్తం చేతిలో పెట్టాడు. నా జన్మలో అంత డబ్బు ఒక్కసారిగా చూడలేదు. ఆరేళ్ళు పనిచేసినందుకు ఇది వీడ్కోలు, ఇంతటితో సరి అనుకున్నాను. ఈ రాతలో మీరు గుర్తు పెట్టుకోవలసిన మొదటి తెలివితక్కువతనం అదే.

గూడూరులో రైలు దిగేసరికి మా అమ్మ, తమ్ముడు దావీదు, సుగుణమ్మ వచ్చి ఉన్నారు. అమ్మ నన్ను తడిమి చూసి ఏడ్చి, వెంటనే కళ్ళు తుడుచుకుని, బండి ఎక్కకముందే శాసనం జారీ చేసింది.

"సెలవు మీద వచ్చినాడని చెప్తాం. ఆ జబ్బు పేరు మన ఇంట్లో ఎవురి నోటెమ్మట రాకూడదు. దావీదుకి పిల్లనిచ్చేవాళ్ళు ఉండాల గదా."

"ఎన్ని దినాలు దాస్తావత్తా? దగ్గు మూట గట్టి పెట్టేదా?" అంది సుగుణమ్మ.

ఆ మాటతో అత్తాకోడళ్ళ మధ్య మొదలైన ఎడమొహం పెడమొహం రెండేళ్ళ పాటు సాగింది. ఒకే పొయ్యి మీద ఇద్దరూ వండేవారు. ఒకరికి చెప్పవలసింది మరొకరు నాకు చెప్పేవారు. "ఉప్పు ఎక్కువైందని మీ అమ్మకి చెప్పు," "ఎక్కువైతే తినొద్దని నీ పెండ్లానికి చెప్పు." మధ్యలో నేను అటూ ఇటూ తీగ లాగిన టెలిఫోనునయ్యాను.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు. మందులు ఇంకో రెండేళ్ళు ఆపకుండా వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, తిరగబెడితే ఈసారి మందులు పనిచేయకపోవచ్చు. ఆ వరండాలో బెంచీ మీద ఎన్ని గంటలు కూర్చున్నానో లెక్క లేదు. అక్కడ ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోరు. తలుపు దగ్గర పిలిచే పేర్లు మాత్రం వింటుంటారు. పోయిన వారం పిలిచిన పేరు ఈ వారం పిలవకపోతే, అతనికి నయమైందనుకునేవాళ్ళం. అలా అనుకోవాలని మాలో మాకు మాట లేని ఒప్పందం ఉండేది. చిల్లకూరులో ఒక కాంపౌండరు మాత్రం నేను తెచ్చుకున్న సూది మందును రోజూ పైసా తీసుకోకుండా వేసేవాడు. డబ్బివ్వబోతే "నువ్వు మంచులో నిలబడినావంట గదా, నేను ఇక్కడ నీడలో నిలబడుండా" అనేవాడు.

మందులు, పాలు, గుడ్లు, నెల్లూరు బస్సు చార్జీలు. పెద్ద మొత్తమనుకున్న గ్రాట్యుటీ ఆ ఏడాది చివరికి పూర్తిగా కరిగిపోయింది. సుగుణమ్మ నాట్లకు వెళ్ళేది. దావీదు గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో మూటలు మోసేవాడు. వాళ్ళిద్దరి కష్టం నా మందులకే చాలీచాలకుండా ఉంటే, ఒక నెల ఏం చేశానంటే, రోజూ వేసుకోవలసిన బిళ్ళలు రోజు మార్చి రోజు వేసుకున్నాను. సుగుణమ్మ సీసా చూసి కనిపెట్టేసింది. అరవలేదు. నా ఎదురుగా కూర్చుని, "నాకు మొగుడు కావాలా, మిగిలిన బిళ్ళలు కావాలా, నువ్వే చెప్పు" అంది. అంత సిగ్గు నేను జీవితంలో ఎప్పుడూ పడలేదు.

1960లో దావీదు ఒక సంగతి మోసుకొచ్చాడు. తను మూటలు మోసే కొట్లో లెక్కలు రాసే పెద్దాయన ఖాసిం సాహెబు గారు పూర్వం మిలిటరీలో గుమాస్తా అట. నేను కాగితాలు పట్టుకుని వెళ్ళాను. నిమ్మకాయల గుట్టల మధ్య చాప మీద కూర్చుని, ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి ఒక్కొక్క కాగితం చదివాడు. చదివేకొద్దీ ఆయనకు కోపం వచ్చింది, ఆ కోపం నా మీదే.

"దీంట్లో ఏముందో చదవకుండానే సంతకం పెట్టినావా అబ్బయ్యా?"

"ఇంగ్లీషు గదా సాహెబు గారూ."

"చదివించుకోను నోరు లేదా? ఇను. నువ్వు తీసుకున్నది ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే డబ్బు. నీది చిన్న సర్వీసు, మామూలు పింఛనుకి చాలదు. కానీ జబ్బు కొలువు వల్ల వచ్చిందని ఒప్పుకుంటే వేరే పింఛను ఉండాది, నెల నెలా ఇస్తారు. నీ కాగితంలో, ఈ జబ్బుకీ కొలువుకీ సంబంధం లేదని రాసినారు. దాని మీద మనం అప్పీలు చేసుకోవచ్చు. ఇంకా గడువుండాది."

"ఎట్లా నిరూపించేది?"

"చేరేటప్పుడు గట్టిగా ఉండినావు, నీ ఇంట్లో ఎవురికీ ఈ జబ్బు లేదు, మంచులో పని చేసినాక వచ్చింది. ఈ మూడూ నిజమైతే చాలు."

మూడూ నిజమే. ఆయన ఆ సాయంత్రమే అప్పీలు రాశాడు. కాగితం, స్టాంపులు కూడా ఆయనవే. నేను మొహమాటపడితే నా చేతిలో నాలుగు నిమ్మకాయలు పెట్టి పంపించాడు.

ఆ తరువాత మా ఊరు ఒక ఘనకార్యం చేసింది.

మా దగ్గర ఒక అలవాటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషి సైకిలు దిగి, ఫలానా వాళ్ళ ఇల్లెక్కడ, వాళ్ళు ఎలాంటివాళ్ళు, జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగితే, అది పెళ్ళి సంబంధం విచారణే. పిల్ల తరఫువాళ్ళు మనిషిని పంపి కూపీ లాగుతున్నారన్నమాట. అప్పుడు ఆ ఇంటి పరువు ఊరందరి పరువు. నిన్న కొట్టుకున్నవాళ్ళు కూడా ఈరోజు పొగుడుతారు.

నేను నెల్లూరు వెళ్ళిన రోజునే అలాంటి మనిషి వచ్చాడు. నా అప్పీలు మీద విచారణకు తాలూకా కచేరీ నుంచి పంపిన గుమాస్తా ఆయన. ఆ సంగతి ఆయన చెప్పలేదు, మావాళ్ళు అడగలేదు. టీ అంగడి దగ్గర మా చర్చి సంఘ పెద్ద ఆనందం గారు ఎదురుపడ్డాడట. తరువాత ఆయనే నాకు ఆ సంభాషణంతా గర్వంగా అప్పజెప్పాడు.

"యేసురత్నం వాళ్ళ ఇంట్లో జబ్బులేమన్నా ఉండాయా?" అని అడిగాడట గుమాస్తా.

"ఆ ఇంట్లోనా! మూడు తరాల్లో తుమ్మినోడు లేడయ్యా."

"యేసురత్నం మిలిటరీకి పొయ్యేముందు ఎట్లా ఉండినాడు?"

"రెండు వడ్ల మూటలు ఒక్కసారే ఎత్తేవాడు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నాలుగెత్తుతాడు. సెలవు మీద వచ్చుండాడు గదా, తిని కూర్చోనుండాడు."

"రెండేండ్లుగా సెలవేనా?"

"అంత మంచి ఉద్యోగమయ్యా అది!"

గుమాస్తా అన్నీ రాసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి వాకిట్లో పదిమంది ఉన్నారు. దావీదు కొత్తగా క్షవరం చేయించుకుని సిగ్గుపడుతున్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పది దినాల్లో ప్రధానం పెట్టుకోవచ్చంట నాయనా" అంది. ఆ మనిషి ఏమేమి అడిగాడో విన్నాక, వచ్చింది నా అప్పీలు విచారణకని నాకు అర్థమైంది. నెల నెలా వచ్చే మందుల డబ్బు, అందరూ కలిసి, ప్రేమతో, నా చేతికి రాకుండా చేసేశారు.

మర్నాడు పొద్దున్నే ఖాసిం సాహెబు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన విని, కళ్ళజోడు తీసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"సగం మేలే చేసినారు అబ్బయ్యా! ముందు గట్టిగా ఉండినాడు, ఇంట్లో జబ్బు లేదు, ఇవి మనకి కావలసిన మాటలే. కానీ నాలుగు మూటలు, సెలవు... అవే కొంప ముంచేవి. ఆ చెప్పినోళ్ళే నిజం రాసి సంతకాలు పెట్టి పంపాల. పొరపాటున చెప్పినామని ఒప్పుకోవాల."

"అట్లయితే జబ్బు సంగతి ఊరికి చెప్పాల గదా."

"చెప్పకుండా ఎట్లా అబ్బయ్యా?" అన్నాడాయన.

ఇంట్లో అమ్మ ససేమిరా అంది. దావీదు పెళ్ళి ఏమవుతుందని తల బాదుకుంది. సుగుణమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే భయపడాలని నాకు అప్పటికి బాగా తెలుసు.

1961 మొదట్లో మా గుడిలో కోత పండుగ వచ్చింది. ప్రతి ఇంటివాళ్ళూ తమ పంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెడతారు. వడ్లు, చెరకు, కోళ్ళు, సముద్రం వైపు నుంచి వచ్చే స్నేహితులిచ్చిన ఎండు చేపలు కూడా. మేం ఒక సొరకాయ తెచ్చాం, అంతకంటే లేదు. ఆరాధనలో సాక్ష్యాల సమయమని ఒకటుంటుంది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పవచ్చు. సుగుణమ్మ లేచింది. అమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. సుగుణమ్మ కొంగు విడిపించుకోలేదు, అలాగే నిలబడి మాట్లాడింది.

"మా ఆయన సెలవు మీద రాలేదు. క్షయ జబ్బుతో వచ్చినాడు. రెండేండ్లు నేను అబద్ధం చెప్పినాను, మీరు నన్ను క్షమించాల. ఆ వచ్చిన ఆయన పిల్ల తరఫు మనిషి కాదు, మందులకి పింఛను ఇవ్వచ్చునా లేదా అని చూడను వచ్చినాడు. నా మొగుడు బతకాలని ప్రార్థన చేయండి. నిజం రాసి సంతకాలు కూడా పెట్టండి."

నేను నేల చూస్తూ కూర్చున్నాను. అప్పుడు వెనక నుంచి ముసలి మరియమ్మవ్వ గొంతు వినిపించింది.

"మాకు తెల్దా తల్లీ? వాడి దగ్గు మూడు వీధులకి ఇనిపిస్తా ఉంటే! మీ అత్త బాధపడతాదని ఊరుకున్నాం."

ఎవరో ముందు నవ్వారు. తరువాత గుడంతా నవ్వింది. పాదిరి గారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడు. అందరికీ తెలుసు. తెలిసీ మా నీళ్ళు తాగారు, తెలిసీ నా కోసం గుమాస్తాకు అబద్ధాలాడారు. అమ్మ కొంగు వదిలేసి, అందరి ముందూ కోడలి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. రెండేళ్ళ తరువాత వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్నారు. వాళ్ళ మధ్య నా టెలిఫోను ఉద్యోగం పోయిందని నేను చాలా సంతోషించాను.

ఆ మధ్యాహ్నం కాగితం రాసి నలభై మంది సంతకాలూ వేలిముద్రలూ వేశారు. ఆనందం గారు తన మాట తప్పని విడిగా రాసి, "నాలుగు మూటలు అన్నది నా అతిశయోక్తి" అని కూడా చేర్చాడు. దేవుని ముందు పెట్టినవాటిని అమ్మే పండుగ వేలంపాటలో మా సొరకాయకు అందరూ పోటీపడి పాడారు. దావీదు సంగతి కూడా చెప్పేస్తాను. ఆ ఏడాదే మరియమ్మవ్వ తన మనవరాలిని ఇచ్చింది. జబ్బు గురించి తెలిసే ఇచ్చింది.

కొన్ని నెలలకు పింఛను మంజూరైంది. జబ్బు కొలువు వల్లే వచ్చిందని ఒప్పుకున్నారు. నా అశక్తత నూటికి యాభై అని శాతం కట్టారు, ఆ శాతాన్ని బట్టే డబ్బు. పోస్టాఫీసు నుంచి వస్తుంటే దావీదు "అర మనిషి వస్తుండాడు" అని అరిచేవాడు. మందులు ఒక్కరోజు కూడా ఆగలేదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. నాతో తీగలు లాగినవాళ్ళు ఆ కొండల్లోనే ఉన్నారు. పంచాయతీ రేడియో ముందు నిలబడి వాళ్ళ పేర్లు మనసులో చదువుకునేవాడిని. నేను పింఛను తింటూ నీడలో ఉన్నానని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఇంకా పూర్తిగా పోలేదు.

1964లో మద్రాసుకు పిలుపు వచ్చింది. మళ్ళీ బోర్డు పరీక్ష చేస్తుంది, జబ్బు తగ్గితే శాతం తగ్గుతుంది, బాగా తగ్గితే పింఛను ఆగుతుంది. ఖాసిం సాహెబు గారు ముందే చెప్పాడు. సుగుణమ్మ నాతో వచ్చింది.

అక్కడి మిలిటరీ ఆసుపత్రి వరండాలో పది పన్నెండు మంది మాజీ సైనికులు ఉన్నారు. నా పక్కన కోవూరు మనిషి, సైన్యంలో నాయక్‌గా చేసిన పెంచలయ్య. ఆయనకు ఒక పక్క ఊపిరితిత్తి తీసేశారు, మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకునేవాడు. నన్ను ఎగాదిగా చూసి, "ఇంత నున్నగా గడ్డం గీసుకొని వస్తే శాతం ఎవురిస్తారు తమ్ముడా?" అన్నాడు. భుజాలు వంచాలట. మెట్లు ఎక్కి రాగానే గోడ పట్టుకోవాలట. ఎలా దగ్గాలో కూడా నేర్పించాడు, లోపలి నుంచి, రెండు విడతలుగా. నాకు ఆశ కలగలేదంటే అబద్ధం. ఇంట్లో అప్పటికి పుట్టిన ఇద్దరు పిల్లలు, అమ్మ, కౌలుకు పట్టిన పొలం. నేను ఒకటి రెండుసార్లు అలా దగ్గి చూశాను కూడా. సుగుణమ్మ చూసింది.

లోపల డాక్టరుగారు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. గొట్టం నా వీపు మీద పెట్టి "దగ్గు" అన్నాడు. నేను నేర్చుకున్నట్టు లోపలి నుంచి లాగాను. ఏమీ లేదు. ఇంకోసారి అన్నాడు. ఉత్త గాలి వచ్చింది. నాకే నవ్వొచ్చింది. ఆయనా నవ్వి, "రోజూ ఏం పని చేస్తావు?" అన్నాడు. నిజం నోట్లోంచి వచ్చేసింది. దున్నుతాను, మూట ఎత్తుతాను సార్, ఒక్కటే, అన్నాను.

ఆయన కాగితం మీద రాసి, తెలిసిన కొద్దిపాటి తెలుగులో చెప్పాడు. "మచ్చ ఉంది, జబ్బు లేదు. సున్నా శాతం. పింఛను ఇంక రాదు."

బయటికి వచ్చాను. సుగుణమ్మ లేచి నిలబడింది.

"ఆపేసినారు," అన్నాను.

"ఏంది ఆపినారు?"

"పింఛను. జబ్బేమీ మిగల్లేదంట."

ఆమె అక్కడే, ఆ వరండాలో, అందరి కాళ్ళ మధ్య మోకాళ్ళూని, రెండు చేతులూ ఎత్తి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. ఎవరో పోయారనుకుని వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "మా ఆయనకి పింఛను ఆపేసినారయ్యా!" అని ఆమె ఏడుస్తూ నవ్వుతూ వాడికి చెప్పింది. వాడు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తమిళంలో చెబితే అర్థమవుతుందనుకుని తనకొచ్చిన నాలుగు ముక్కల్లో మళ్ళీ చెప్పింది. అప్పుడు కూడా వాడికి అర్థం కాలేదు.

బెంచీల మీద ఉన్నవాళ్ళకు మాత్రం అర్థమైంది. వంచిన భుజాలు ఒక్కొక్కటే నిటారయ్యాయి. పెంచలయ్య గోడ పట్టుకుని లేచాడు, అది నటన కాదు. నా దగ్గరికి వచ్చి, "నిజంగా సున్నానా?" అని అడిగి, నా అరచెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. లోపలి నుంచి ఆయన పేరు పిలిచారు. ఆయన కదలలేదు. సుగుణమ్మ వైపు తిరిగి, ఊపిరి కూడదీసుకుని, మెల్లగా అన్నాడు.

"అమ్మా, మీ దేవుడికి నా పేరు గూడా చెప్పు. పెంచలయ్య, కోవూరు. నాక్కూడా సున్నా రావాల."